చేర్యాల బొమ్మలో మా అమ్మ బారాత్

మా అమ్మానాన్నల పెళ్లి ఫొటోలు మొత్తం పదకొండు. వాటిలో బారాత్‌ది ఒక్కటీ లేదు. చీకటి పడిందని ఫొటోగ్రాఫర్ ఆఖరి బస్సు అందుకున్నాడట. ఆ ఒక్కటీ నేనే గీద్దామని, బట్ట మీద వేసే చేర్యాల బొమ్మలు నేర్పే క్లాసులో చేరాను. నాలుగు ఆదివారాలు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి మాదాపూర్‌కి. ఆ ప్రయాణం గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది.

గీయడం కంటే బట్ట తయారీయే ఏడిపించింది. ఖాదీ గుడ్డకు బియ్యం గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూయాలి. ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకోటి. నానబెట్టిన చింతగింజలు ఇంట్లో మిక్సీలో వేశాను. జార్ పోయింది, దానికి పడ్డ తిట్లు ఇక్కడ రాయను. జూలై ముసురుకి పూత ఎంతకీ ఆరదు. ఆగలేక చుట్ట చుట్టేసరికి అంతా పగుళ్లు. "సుద్ద ఎక్కువేశావమ్మా" అన్నారు సార్. మళ్లీ మొదటికి.

చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. అక్కడి నకాషీ చిత్రకారులు కథలు చెప్పేవాళ్ల కోసం గజాల కొద్దీ పటాలు రాసేవారు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పింది అలాంటి పటాలు చూపించే. కథంతా అడ్డ వరుసల్లో సాగుతుంది. దూరంగా ఉన్నవాళ్లను చిన్నగా వేయాలన్న బాధ లేదు. ఊరేగింపుకి ఇంతకంటే ఏం కావాలి?

నా చిక్కల్లా రాత్రి. వెనక రంగు ఎరుపే ఉండాలి, అది కూడా ముందే నింపుకోవాలి. మరి చీకటి ఎలా చూపించాలని అడిగితే "దీపాలు పెట్టు, చాలు" అన్నారు సార్. రెండు కాగడాలు వేసి అమ్మకు వాట్సాప్‌లో పంపాను. వెంటనే ఫోన్.

"పెట్రోమాక్స్ లైట్లు నెత్తిన మోసేటోళ్లేరే? డప్పులోళ్లు ముంగట, వాళ్లెనక లైట్లు, ఆ ఎనక కచ్చురం. ఎడ్ల కొమ్ములకు రంగెయ్యి. కచ్చురంలో మీ పిన్నిని కూడా పెట్టు, నా ఒళ్లో తల పెట్టి నిద్రపోయింది."

గీసిందాన్ని చెరపడానికి లేదు. కింద ఇంకో వరుసకి చోటుంది కాబట్టి బతికాను. ఆరుగురు లైట్లవాళ్లను వేశాను. అందరి ముఖాలూ ఒకేలా వచ్చాయి, నా చేయి అంతే. చివర్లో నల్లగీతలు దిద్దే రోజు టెన్షన్‌తో టిఫిన్ కూడా తినలేదు.

ఫ్రేమ్ కట్టించి హాల్లో తగిలించాం. అమ్మ దాని దగ్గరికెళ్లి చాలాసేపు చూసి, ఎడమవైపు ఎద్దు మీద వేలు పెట్టింది.

"గీ కుంటెద్దు యాదికుందా?" అంది నాన్నతో.

"కుంటిది కాదు, మొండిది" అన్నాడు నాన్న, పేపర్లోంచి తలెత్తకుండానే.