145 ఏళ్లు బతికిన రామకృష్ణ గారు

నిద్ర పట్టడం లేదు. పదకొండు దాటింది. అమ్మ గదిలో లైటు కూడా ఆరిపోయింది. మధ్యాహ్నం చదివిన ఒక పేరా ముల్లులా గుచ్చుకుని ఉంది. రాసేస్తే గానీ బయటికి వచ్చేలా లేదు.

నాట్య కార్యక్రమం సంచిక ప్రూఫులు నా మెడకు చుట్టుకున్నాయని మొన్న రాశాను కదా. ఈ రోజు కాలేజీ నుంచి ఇంటికి రాకుండా నేరుగా ప్రెస్సుకు వెళ్లాను. బయట హనుమకొండ చౌరస్తా హారన్లు, లోపల యంత్రం చప్పుడు, సిరా వాసన. పదకొండో పేజీలో కాకతీయుల నాటి పేరిణి నాట్యం మీద వ్యాసం ఉంది. బాగానే రాశారు. దాని పక్కన గీతల పెట్టెలో ఒక ఫొటో, ఫొటో కింద ఒక పరిచయం:

"రామకృష్ణ గారు 1866లో జన్మించారు. భరతముని నాట్యశాస్త్రాన్ని పరిష్కరించారు. సినిమాలకు మధురమైన పాటలు రాశారు. రామప్ప గుడి శిల్పాలను పరిశీలించి పేరిణి నాట్యాన్ని పునరుద్ధరించారు. 2011లో పరమపదించారు."

రెండుసార్లు చదివాను. విడివిడిగా చూస్తే ఒక్క వాక్యంలోనూ తప్పు లేదు. ప్రతిదీ ఎవరో ఒక రామకృష్ణ గారికి చెందుతుంది. కలిపి చదివితే 145 ఏళ్లు బతికిన మనిషి తేలాడు.

కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయిని అడిగాను. ఇరవై ఏళ్లుంటాయేమో. "ముగ్గురూ ఒక్కరు కాదా మేడం?" అన్నాడు. వాడి ముఖంలో నిజమైన ఆశ్చర్యం కనిపించింది. వాడి మీద కోపం రాలేదు. పేరు కొట్టి వెతికాడు, వచ్చినవన్నీ ఒకచోట చేర్చాడు. నాకు ఒళ్లు మండింది నిర్వాహకుడికి ఫోను చేశాక. "పేరు ఒకటే కదండీ. పరిచయాలు ఎవరు చదువుతారు? ఎల్లుండే కార్యక్రమం, వదిలేయండి" అన్నారు.

వదిలేయాలట!

మానవల్లి రామకృష్ణ కవి 1866లో పుట్టి 1957 దాకా బతికారు. తంజావూరు గ్రంథాలయంలో నన్నెచోడుడి కుమారసంభవం తాళపత్రాలను పట్టుకుని 1909లో అచ్చు వేయించింది ఆయనే. అప్పటిదాకా నన్నెచోడుడనే కవి ఉన్నాడని మనకు తెలియదు. ఆ తరువాత నాట్యశాస్త్రం చేపట్టారు. అభినవగుప్తుడి వ్యాఖ్యతో సహా, దాదాపు 40 రాతప్రతులు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఒక ప్రతిలో ఉన్నది ఇంకోదానిలో ఉండదు. ఒకచోట అక్షరం ఎగిరిపోతుంది, ఇంకోచోట ఆకే ఉండదు. బరోడా నుంచి మొదటి సంపుటం 1926లో వచ్చింది, మూడోది 1954లో. నాలుగోది వచ్చేసరికి ఆయన లేరు. అంటే మొదటిది అచ్చయినప్పుడు ఆయనకు అరవై, మూడోది చేతికి వచ్చేసరికి ఎనభై ఎనిమిది. ఈ మధ్యలోనే సంగీత నాట్య పదాలన్నీ కూర్చి భరతకోశం కూడా చేశారు. ఇంత చేసిన మనిషిని పెట్టెలో ఒక వాక్యానికి కుదించి, పక్కన సినిమా పాటలు కట్టబెడితే నేను సంతకం పెట్టాలా?

ఆ పాటలు మల్లాది రామకృష్ణశాస్త్రి గారివి. 1905లో పుట్టి 1965లో పోయారు. సంస్కృతం అంత చదివి, కథల్లో మాత్రం పక్కింటి ఆడవాళ్లు మాట్లాడుకునే తెలుగు రాశారు. సాయంత్రాలు మద్రాసు పానగల్ పార్కులో కూర్చుంటే చుట్టూ జనం చేరేవారట. "చిరంజీవులు" పాటలు ఆయనవే. అమ్మ ఆ పాటలు పాడుకుంటూ చిక్కుడుకాయలకు ఈనెలు తీసేది. నాన్న పేరూ రామకృష్ణే, వరండాలోంచి "అవి మావాడు రాసినవే" అనేవారు.

నటరాజ రామకృష్ణ గారు వీళ్లిద్దరికీ తరువాతి వారు, 1923లో పుట్టారు. "నటరాజ" అన్నది బిరుదు, ఇంటిపేరు కాదు. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసైన్యానికి అధిపతి అయిన జాయపసేనాని రాసిన నృత్తరత్నావళి అనే నాట్యగ్రంథాన్ని ఒక చేత్తో పట్టుకుని, రామప్ప గుడి రాళ్లను ఇంకో చేత్తో తడుముతూ, ఎన్నడో ఆగిపోయిన పేరిణిని మళ్లీ మనుషుల కాళ్లలోకి తెచ్చారు. గుడి చూసినవాళ్లకు ఆ పని ఎంతటిదో అర్థమవుతుంది. రాతిలో ఉన్నది ఒక్క క్షణం. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంటుంది. ఆ కాలు అంతకుముందు ఎక్కడ ఉందో, తరువాత ఎక్కడ దిగాలో రాయి చెప్పదు. అది ఆయన వెతుక్కోవాలి.

ఒకరు తాటాకుల్లో, ఒకరు రాళ్లలో. ఇద్దరూ నాట్యం కోసమే. ఆ అబ్బాయి పొరబడ్డాడంటే అందుకు కొంత కారణం ఉంది. కానీ పెద్దమనిషి "పేరు ఒకటే కదండీ" అనడానికి ఏ కారణమూ లేదు.

ఈ జబ్బు కొత్తది కాదు. రామప్పకు వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు పిల్లలకు "వేయి స్తంభాల గుడి కట్టించిన రుద్రుడే ఇదీ కట్టించాడు" అని చెప్పడం వింటాను. వేయి స్తంభాల గుడి కట్టించింది కాకతి రుద్రదేవుడు, 1163లో. ఆయన రాజు. రామప్ప కట్టించింది రేచర్ల రుద్రుడు, 1213లో. ఈయన గణపతిదేవుడి సేనాని. మధ్యలో యాభై ఏళ్లున్నాయి. రేచర్ల అనే ఆ ఒక్క మాట ఎగరగొడితే సేనాని చేసిన పని రాజు ఖాతాలో పడిపోతుంది. రాజుకు ఇప్పటికే బోలెడంత ఉంది.

మరి పోయిన ఆదివారం నేనేం చేశాను? తమ్ముడి బాబుకు పేరు దగ్గర ఇంట్లో యుద్ధం జరుగుతోందని మీకు తెలుసు. అమ్మకు నాన్న పేరే పెట్టాలని. మరదలికి ఎవరికీ లేని పేరు కావాలని. నేను మరదలి పక్కనే నిలబడ్డాను. ఈ రోజు ప్రెస్సు నుంచి బస్సులో వస్తూ కూడా అదే అనుకున్నాను. ఒక మనిషికి ఒక పేరు ఉండాలి. ఇంకెవరి పనితోనూ కలిసిపోకూడదు. ఇంకో రామకృష్ణను తయారుచేసి ఈ రాశిలో పోయడం ఎందుకు?

ఇంటికి రాగానే నాన్న నోటుపుస్తకం కోసం బీరువా పైన వెతికాను. తేదీలు సరిచూసుకోవడానికే. అది చేతిలోకి వచ్చాక తేదీలు పక్కకు పోయాయి.

ముదురు ఎరుపు అట్ట, మూల ఎలుక కొరికింది. అట్ట మీద నీలం సిరాతో "రామకృష్ణులు". నాన్న తన పేరుగల వాళ్లను వెతికి రాసుకున్న పుస్తకం. ఆదివారాలు మడికొండ నుంచి సైకిలు మీద హనుమకొండలోని రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయానికి వెళ్లేవారు. 1904 నాటి గ్రంథాలయం అది. చీకటి పడ్డాక వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నానికి ముందే రాసుకునేవారు. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. తెనాలి రామకృష్ణ పేజీలో ఒక ప్రశ్న గుర్తు పెద్దదిగా ఉంది: ఉద్భటారాధ్య చరిత్రలో రామలింగడు, పాండురంగ మాహాత్మ్యంలో రామకృష్ణుడు, ఒక్కరేనా ఇద్దరా? పరమహంస పేజీలో "అసలు పేరు గదాధరుడు" అని కింద గీత గీశారు. బూర్గుల రామకృష్ణారావు గారి పేజీలో ముఖ్యమంత్రి పదవికి ఒక్క వరుస ఇచ్చి, పారశీక సాహిత్యం మీద ఆయనకున్న పట్టుకు మిగతా పేజీ అంతా ఇచ్చారు.

మరి వెనక పేజీల్లో? కాజీపేట రూటు బస్సు కండక్టర్ రామకృష్ణ, చిల్లర ఎప్పుడూ బాకీ పెట్టడు. బావులు తవ్వే రామకృష్ణ, మట్టి వాసన చూసి నీళ్లు చెబుతాడు. వాళ్లకూ ఒక్కో పేజీ. బూర్గుల వారికిచ్చినంతే.

ఆ వెనక పేజీల్లో మొదటిది మా "పేరు చుట్టం"ది.

ఆయన సంగతి ఇంతకుముందు ఎప్పుడైనా రాశానో లేదో గుర్తు లేదు. నాన్నకు టీచరు ఉద్యోగం ఆర్డరు వచ్చినప్పుడు ఆ కవరు కాజీపేటలో ఉన్న ఇంకో రామకృష్ణకు చేరింది. ఆయన రైల్వేలో పని చేసేవారు. చేరాల్సిన గడువు ఇంకా రెండు రోజులే. ఆయన ఆ రోజు డ్యూటీ మార్చుకుని, మే నెల ఎండలో సైకిలు తొక్కుకుంటూ మడికొండ వచ్చి, ఇల్లిల్లూ అడిగి మా ఇల్లు పట్టుకున్నారట. కవరు తడవకుండా చొక్కా లోపల కాదు, టోపీలో పెట్టుకుని తెచ్చారట. చెమటకు అక్షరాలు అలుక్కుపోతాయని. నాయనమ్మ మజ్జిగ ఇస్తూ "ఎవరు నాయనా నువ్వు?" అంటే "రామకృష్ణను" అన్నారట. "రామకృష్ణ లోపల ఉన్నాడు కదా" అందట నాయనమ్మ.

అప్పటి నుంచి ప్రతి దసరాకు జమ్మి పట్టుకుని వచ్చేవారు. నాన్న చేతిలో ఆ జమ్మి బంగారం పెట్టి "ఏం రామకృష్ణా!" అనేవారు. నాన్న ఆయన చేతిలో పెట్టి "ఏం రామకృష్ణా!" అనేవారు. ఎవరిపేరు వాళ్లే పిలుచుకుంటున్నట్టు ఉండేది. అలాగే కౌగిలించుకుని కాసేపు నిలబడేవారు. అంతకంటే ఎక్కువ మాట్లాడుకున్నట్టు నాకు గుర్తు లేదు.

నాన్న పోయిన రోజు వచ్చారు. లోపలికి రాలేదు. గేటు పక్కన నాన్న పేరు చెక్కిన చిన్న రాతి పలక ఉంది కదా, మీద దుమ్ము పట్టి ఉంది. భుజం మీది కండువా తీసి దాన్ని తుడిచారు. "కృ" కింది సుడిలో మట్టి గట్టిపడి ఉంటే గోటితో గీకి తీశారు. అక్షరం అక్షరం తుడిచాక కండువా మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. బస్సులో అనుకున్న మాట ఇప్పుడు గట్టిగా అనలేకపోతున్నాను. ఎవరికీ లేని పేరు పెట్టి ఉంటే ఆ కవరు తప్పిపోయేది కాదు, నిజమే. పేరు చుట్టమూ దొరికేవారు కాదు. మానవల్లి వారి గురించి ఒక లెక్కల టీచరుకు తెలిసేదీ కాదు. నాన్న ఆ పేరు పట్టుకునే ఆయన దాకా వెళ్లారు.

అలాగని నిర్వాహకుడి మాట ఒప్పుకున్నట్టు కాదు. నాన్న అందరినీ మావాళ్లన్నారు గానీ ఒకరి పేజీలో ఒకరిని రాయలేదు. మా ఊరి కాళోజీ పేరు నారాయణరావు. హనుమాజీపేటలో పుట్టిన సినారె పేరు నారాయణరెడ్డి. ఇద్దరూ కవులే, ఇద్దరూ నారాయణలే. ఎవరైనా ఎప్పుడైనా కలిపారా? పాల్కురికి సోమన, నాచన సోమన అని జనం ఎప్పుడో విడదీసి పెట్టుకున్నారు. ముందున్న ఆ ఒక్క మాట పలకడానికి ఎంతసేపు పడుతుంది? రేపు నిర్వాహకుడికి ఇదే చెబుతాను. పెట్టె ఒకటే ఉంటే మూడు చేయమంటాను. ప్రకటన ఒకటి తీసేస్తే చోటు వస్తుంది. వినకపోతే ప్రూఫులు చూసినవారి జాబితాలోంచి నా పేరు తీసేయమంటాను.

బాబు సంగతి ఇంకా తేలలేదు. సాయంత్రం ఎత్తుకుంటే నా వేలు పట్టుకుని అలాగే నిద్రపోయాడు. ఇరవై ఒకటో రోజుకు ఇంకా ఐదు రోజులుంది. మరదలితో మాట్లాడాలి. ఆదివారం అంత గట్టిగా ఆమె వైపు మాట్లాడి ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని మాట్లాడాలో తెలియడం లేదు. మాట్లాడతాను.

ఇది రాస్తుండగా ప్రెస్సు అబ్బాయి నుంచి సందేశం వచ్చింది. ఇంతసేపు మేలుకునే ఉన్నాడు. ముగ్గురికీ వేరువేరుగా మూడు పేరాలు చేసి పంపాడు. తేదీలు సరిగ్గా ఉన్నాయి, ఒక్క "మల్లాది"లో మాత్రం వత్తు పోయింది. కింద అడిగాడు: "ఫొటో ఎవరి పేరా దగ్గర పెట్టాలి మేడం?"

ఫొటో సంగతి పగలు కోపంలో సరిగ్గా చూడనే లేదు. పెద్దది చేసి చూశాను. నుదుట విభూతి, మెడ దాకా గుండీలు పెట్టిన తెల్ల చొక్కా, చేతిలో మూసిన గొడుగు. మానవల్లి వారు కారు. మల్లాది వారు కారు. నటరాజ రామకృష్ణ గారు అసలే కారు. నాన్న పుస్తకంలో అతికించిన ఫొటోలన్నీ పక్కన పెట్టి పోల్చాను. వాళ్లలో ఎవరూ కారు.

సంచికలోంచి తీసేయమని రాశాను. ఫైలు మాత్రం తొలగించవద్దని, ఎక్కడి నుంచి తీసుకున్నాడో పొద్దున చూసి చెప్పమని రాశాను. సరే మేడం అన్నాడు.