సబ్‌టైటిల్ కన్నా ముందే వచ్చే నవ్వు

టెక్సస్‌లో చదువుకునే రోజుల్లో నా రూమ్మేట్ ఒక మెక్సికన్ అమెరికన్ అమ్మాయి. రాత్రిళ్లు ఇద్దరం 'జేన్ ది వర్జిన్' అనే అమెరికన్ టీవీ సిరీస్ పెట్టుకునేవాళ్లం. అందులో అమ్మమ్మ ఆల్బా స్పానిష్‌లో మాట్లాడుతుంది, మనవరాలు జేన్ ఇంగ్లిష్‌లో బదులిస్తుంది. మధ్యలో ఎవరూ అర్థాలు చెప్పరు. నేను కింద సబ్‌టైటిల్ చదివి నవ్వేసరికి తను నవ్వడం అయిపోయి ఉండేది.

"మా ఇంట్లో అచ్చం ఇంతే" అంది ఒకరోజు. "ఆల్బా కూడా మెక్సికో ఆవిడేనా?" అన్నాను. "వెనెజువెలా" అని ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు పడాల్సిందే. స్పానిష్ మాట్లాడేవాళ్లంతా ఒకే ఊరివాళ్లన్నట్టుండేది నా లెక్క.

ఆ లెక్క టీవీ నేర్పిందే. 'మోడర్న్ ఫ్యామిలీ'లో గ్లోరియాగా సోఫియా వెర్గారా టైమింగ్ నాకిప్పటికీ ఇష్టమే. కానీ ఆమె యాస మీద ఎన్ని జోకులు! స్పానిష్‌లో నేనెంత తెలివైనదాన్నో మీకు తెలుసా అని ఒక ఎపిసోడ్‌లో ఆమే విసుక్కుంటుంది. నేను నవ్వాను, రూమ్మేట్ నవ్వలేదు. "ఇంట్లో మా అమ్మ మాటకు ఎదురుండదు. బ్యాంకుకి వెళ్తే గొంతే లేవదు" అంది.

2013లో మొదలైన పోలీస్ కామెడీ 'బ్రుక్లిన్ నైన్-నైన్'లో ఇద్దరు లాటినాలున్నారు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న నటీమణులు. మెలిసా ఫ్యూమెరోను తీసుకున్నారని తెలియగానే ఇక తనకు వేషం రాదనుకున్నానని రెండో నటి స్టెఫనీ బియాట్రిజ్ తర్వాత చెప్పింది. ఒక షోకి ఒక్కరే అన్న అలవాటు అంత గట్టిది మరి. ఇద్దరూ ఉండబట్టే మెలిసా వేసిన ఎమీ ఫైళ్ల పిచ్చిదీ, స్టెఫనీ వేసిన రోసా ఎవరికీ ఏమీ చెప్పని మొండిదీ కాగలిగారు. ఒక్కతే ఉంటే జాతి భారమంతా ఆమే మోయాలి, ఇక జోకెప్పుడు వేస్తుంది?

మాకు బాగా పట్టేసింది మాత్రం 2017లో వచ్చిన 'వన్ డే ఎట్ ఎ టైమ్'. లాస్ ఏంజెలెస్‌లో క్యూబన్ అమెరికన్ కుటుంబం. తల్లి పెనలపీ సైన్యంలో చేసి వచ్చిన నర్సు. అమ్మమ్మ లిడియాగా రీటా మొరేనో కర్టెన్ లాగి బయటికొస్తుంటే స్టేజీ ఎక్కినట్టే ఉంటుంది. మూడు సీజన్లకే నెట్‌ఫ్లిక్స్ ఆపేసింది, నాలుగోది పాప్ టీవీలో వచ్చింది.

మొదటి సీజనంతా పెనలపీ కూతురు ఎలీనా కిన్సెన్యేరా గొడవే. అంటే అమ్మాయికి పదిహేనేళ్లు నిండినప్పుడు చేసే పెద్ద వేడుక. ఎలీనాకి గౌను ఇష్టం లేదని అమ్మమ్మ కనిపెట్టి, తెల్ల సూటు కుట్టి ఇస్తుంది. వేడుకను వెక్కిరించలేదు, పిల్లనీ తప్పుపట్టలేదు. ఆ ఇంట్లో పెరిగినవాళ్లకే తట్టే పరిష్కారం అది.

ఆ సీన్ దగ్గర రూమ్మేట్ పాజ్ నొక్కి, ఫోన్‌లో తన పదిహేనో పుట్టినరోజు ఫోటో వెతికి చూపించింది. గులాబీ రంగు గౌను, గుమ్మంలో పట్టనంత వెడల్పు.

"గౌను బాగుంది. నాకే నప్పలేదు" అని మళ్లీ ప్లే నొక్కింది.