పున్నమి పోటుకి వెళ్లాం

మే నెలాఖరు లాంగ్ వీకెండ్‌లో డెలావేర్ బే దగ్గర పక్షులు చూసొద్దామని మా ఆయన ప్లాన్ వేశాడు. మా అమ్మ ఒప్పుకోలేదు. న్యూజెర్సీ ఎడిసన్‌లో మా వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండర్ చూసి, "పున్నమి గురువారం. సోమవారానికి పోటు తగ్గిపోద్ది. పోటు లేకపోతే ఆ పీతలు ఎలగొస్తాయి?" అంది. ఆవిడ నౌపడ ఉప్పు మళ్ల పక్కన పెరిగిన మనిషి. మా అమ్మాయి పక్షుల గురించి చదివి వినిపించిన దాంట్లో ఆవిడ చెవికెక్కింది ఒక్క ముక్కే. పున్నమికీ అమావాస్యకీ నీళ్లు పొంగినప్పుడు గుర్రపుడెక్క పీతలు (హార్స్‌షూ క్రాబ్స్) ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ గుడ్ల కోసమే పక్షులు అక్కడ ఆగుతాయి.

గురువారం పిల్లల చేత స్కూలు మానిపించాం. ఫ్యామిలీ పని అని మెయిల్ పెట్టాను, అబద్ధమేం కాదు.

దారిలో చెప్పడానికి నేనో ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. రెడ్ నాట్ అనే ఈ పిట్ట చలికాలం దక్షిణ అమెరికా చిట్టచివర టియెర్రా డెల్ ఫ్యూగోలో గడుపుతుంది, గూడు మాత్రం కెనడా ఆర్కిటిక్‌లో పెడుతుంది, అంటే దానికి రెండిళ్లు... అనబోతుంటే పదకొండేళ్ల మా అమ్మాయి ఇంగ్లీషులోనే అడ్డుపడింది. "అమ్మా, మనం కూడా ఆ పక్షుల్లాంటి వాళ్లమే అని మాత్రం అనకు, ప్లీజ్." ఇంకేం మాట్లాడకుండా పులిహోర డబ్బా మూత తీశాను.

మిస్పిలియన్ హార్బర్ దగ్గర డెక్ మీద టెలిస్కోపులు పెట్టారు. ఇటుక రంగు పొట్ట, పావురం కన్నా చిన్న ఒళ్లు. ఒక వైపు ప్రయాణమే దాదాపు పదిహేను వేల కిలోమీటర్లు. ఎముకల గూడులా ఇక్కడ దిగి, రెండు వారాలు గుడ్లు తిని బరువు రెట్టింపు చేసుకుని మళ్లీ లేస్తాయి. 1990ల్లో చేపల వేటకి ఎరగా పీతల్ని విపరీతంగా పట్టేయడంతో వీటికి తిండి కరువైంది. 2014లో అమెరికా ప్రభుత్వం ముప్పున్న జాతుల్లో చేర్చింది. ఏడేళ్ల మావాడికి ఇవేవీ పట్టలేదు. ఒక పిట్ట కాలికి నారింజ రంగు ట్యాగ్ కనిపించింది, అర్జెంటీనాలో తొడిగిందట. ఇక "మెస్సీ బర్డ్!" అని ఒకటే గోల.

అమ్మకి ఒక కన్ను మూసి చూడ్డం చేతకాలేదు. "మా తేలినీలాపురంలో పక్షుల్ని చూడ్డానికి ఈ గొట్టాలేటీ అక్కర్లేదు. చింతచెట్టు కింద నిలబడితే చాలు, నెత్తి మీదే రెట్ట వేస్తాయి" అని కుర్చీ వెతుక్కుంది.

చీకటి పడ్డాక స్లాటర్ బీచ్‌కి వెళ్లాం. పోటు మీద వచ్చిన పీతలు వందల కొద్దీ. అలలకి వెల్లకిలా పడి, తిరగలేక కాళ్లు కొట్టుకుంటున్నవి బోలెడు. వాటిని నెమ్మదిగా బోర్లా తిప్పి వదలొచ్చు, కానీ తోక పట్టి లాగకూడదు. ఈ ముక్క విన్నదే తడవు అమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని ఇసుకలోకి దిగింది. "ఒరే, తోక ముట్టుకోకు! చిప్ప పట్టుకో, చిప్ప!" మావాడు ఆ మాటకి అర్థం కూడా అడగలేదు. ఇంట్లో తెలుగులో ఏమడిగినా ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లాడు, కాసేపటికి ఆ చివర్నుంచి అరుస్తున్నాడు: "అమ్మమ్మా! ఇంకోటి పడిపోయింది! రా!"

ఫోన్ తీసి వీడియో పట్టుకోవాలని చెయ్యి లాగింది. కెమెరా చూస్తే వాడు వెంటనే ఇంగ్లీషులోకి మారిపోతాడు. తియ్యలేదు.

లెక్క మా అమ్మాయిది. పంతొమ్మిది దాకా తెలుగులో చెప్పి, ఇరవై దగ్గర ఆలోచించి, "ట్వెంటీ వన్" అంటూ ముందుకెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణంలో కారు నిండా ఇసుక, నీచు వాసన. పిల్లలు నిద్రపోయారు. అమ్మ వెనక సీట్లో వేళ్లు మడిచి ఏదో లెక్కపెడుతోంది.

"పద్నాలుగు రోజులకి అమావాస్య" అంది. "అదీ గురువారమే."