దుబ్బు మొదట్లో

వరి దుబ్బులు విడదీసి మొదళ్లు చూస్తుంటే, నేను రాస్తున్న కథలో ముసలాయన నోరు విప్పాడు. ఇన్నాళ్లూ ఉలుకూ పలుకూ లేని మనిషి, సరిగ్గా నా చేతులు బురదలో ఉన్నప్పుడు!

ఫోన్ గట్టు మీద ఉంది. వెళ్లి రాసుకుందామంటే కాళ్లు కదల్లేదు. నీళ్లకు కాస్త పైన, కాడలను అంటిపెట్టుకుని వరికి పట్టే సుడిదోమ కనబడింది. పైనుంచి చూస్తే చేను పచ్చగానే ఉంది. సుడిదోమతో వచ్చిన చిక్కే అది, దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది. వదిలేస్తే చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది.

ముందు మడిలో నీళ్లు తీసేశాను. నాట్లప్పుడు రెండు మీటర్లకోసారి 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలాం కాబట్టి గాలి, వెలుతురు లోపలికి వెళ్తాయి. మందు కొట్టాల్సి వచ్చినా మొదళ్లకు అందుతుంది.

ఆ పని అయ్యేసరికి ముసలాయన మాట సగమే మిగిలింది. బాధగానే ఉంది.

కానీ ఒకటి గట్టిగా అనిపిస్తోంది. మన పల్లె కథల్లో రైతు ఏడుస్తాడు, అప్పుల గురించి మాట్లాడతాడు. పని చేస్తూ మాత్రం తక్కువ కనిపిస్తాడు. వంగి దుబ్బు చూసి, నీళ్లు ఇప్పుడే తీద్దామా, ఇంకో రోజు ఆగుదామా అని తేల్చుకునే ఆ నిమిషంలో ఎంత లెక్క, ఎంత టెన్షన్! అది కథలోకి రావాలి. చేలో దిగిన మనమే రాయాలి.

రాత్రికి ముసలాయన్ని మడిలోకి దింపుతున్నాను. సాగు చేస్తూ రాసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మీరు ఏ వేళప్పుడు రాస్తారు?