బావ అన్న మాట

"మీ దొరలు ఓటు బ్యాంకు తెరిచి వెళ్లారు, మా నాయకులు వడ్డీ తింటున్నారు." మధ్యాహ్నం చేపల పులుసు రెండోసారి వడ్డించుకుంటూ బావ అన్న మాట ఇది. దొరలంటే మా వాళ్లను క్రైస్తవంలోకి తెచ్చిన మిషనరీలు. అక్క నవ్వింది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది.

బావ ఒక్కడే కారణం కాదు లెండి. పొద్దున గుడిలో నాయకుడు వస్తున్నాడని ప్రసంగం ఆపి ముప్పావు గంట కూర్చోబెట్టారు. సండే స్కూలు పిల్లల చేత ఒకే పాట మళ్లీ మళ్లీ పాడించారు. ఆయన వచ్చి, చెప్పులతోనే వేదిక ఎక్కి, శాలువా కప్పించుకుని, ప్రహరీ గోడ కట్టిస్తానని చెప్పి, వాక్యం చదవకముందే కారెక్కాడు. ఆ గోడ పోయిన ఎన్నికల నాటి వాగ్దానమే. చప్పట్లు కొట్టినవాళ్లలో మా అమ్మ కూడా ఉంది.

అయినా బావ లెక్క తప్పు. అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చేనాటికి మాదిగపల్లెలో ఓటు ఎవరికుంది?

నాయనమ్మ ఉంటే బావకు తగిన జవాబు చెప్పేది. బియ్యం ఏరుతూ పెద్దల దగ్గర విన్నవన్నీ చెప్పేది. 1876-78 కరువులో దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడు మైళ్లు గుత్తకు తీసుకున్నాడు. బోధకులే మేస్త్రీలు. బాప్తిస్మం అడిగినవాళ్లను కరువు తీరేదాకా ఆగమన్నాడు, కూటి కోసం కలిశారని లోకం అంటుందని. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం! ఆ అంకె దగ్గరికి రాగానే నాయనమ్మ చాట పక్కన పెట్టి, రెండు వేళ్లు నాలుగుసార్లు ఊపేది.

ఆమెకు అసలు ఇష్టమైనది మాత్రం బాప్తిస్మానికి పెట్టిన షరతుల సంగతి. విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. మూడోది మాటలా? తరతరాలుగా వెట్టి చేసినవాళ్లు ఊరి పెద్దల ముందు నిలబడి, కోతల రోజైనా సరే ఆదివారం రామని చెప్పడం! జాతరలో డప్పు కొట్టబోమన్నారు. దెబ్బలు తిన్నారు. ఈ జిల్లాలో మా రాజకీయం అక్కడే మొదలైందని ఇన్నాళ్లూ నా నమ్మకం.

ఇంతవరకూ టైపు చేశాక అనుమానం వస్తోంది. అంత గట్టిగా రామని చెప్పినవాళ్ల మునిమనవలం, పొద్దున నోరు మూసుకుని ఎందుకు కూర్చున్నాం? నాయనమ్మ కథల్లో ప్రతి కష్టమూ "దొర కలెక్టరుకు చీటీ రాశాడు" అనే మాటతోనే తీరేది. దొర వెళ్లిపోయాడు. చీటీ రాసేవాడి కుర్చీ ఖాళీగా ఉండలేదు, పాస్టరుగారో పార్టీవాడో ఎవరో ఒకరు కూర్చుంటూనే ఉన్నారు. బావ మాటలో వీసమెత్తు నిజం ఉందేమో. ఆయన ముందు మాత్రం ఒప్పుకోను.

పోనీ, ఆ బ్యాంకులో మాకేమైనా మిగిలిందా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు ఇక్కడ వెనుకబడిన తరగతుల్లో బీసీ-సీ వర్గం, రిజర్వేషన్ వాటా ఒక్క శాతం. పిన్ని కొడుకు ప్రతి వారం గుడిలో కీబోర్డు వాయిస్తాడు, బాప్తిస్మం సంగతి ఎత్తితే మాత్రం ఉద్యోగం వచ్చాక అంటాడు. పిన్ని ఉపవాసాలుండి ప్రార్థిస్తోంది. దేనికని అడిగాను. ముందు నోటిఫికేషన్ పడాలట.