మన అడుగుల వెనుక వెంపటివారు

మన నృత్య పాఠశాలలో తట్టడుగు (మొట్టమొదటి అడుగు) నేర్చిన ప్రతివారూ కూచిపూడి నాట్యాచార్యులు వెంపటి చినసత్యంగారి బాణీలో నడిచినవారే గనుక, ఆయనను ఎన్నడూ కలుసుకోని మావంటి వారికి కూడా ఆయన పరమగురువులే. 1929లో కూచిపూడిలో పుట్టి, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారి వంటి పెద్దల దగ్గర విద్య గడించి, మద్రాసు చేరి, సినిమా నృత్యాలలో అన్నగారైన పెదసత్యంగారికి కొంతకాలం చేదోడుగా ఉన్నారు. 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించాక, తాము ఆడటం కంటే ఇతరులచేత ఆడించడమే ఆయనకు జీవితమైంది. 1998లో పద్మభూషణ్ వరించింది.

పాత కూచిపూడి యక్షగానంలో వేషధారి తానే పాడి, తానే మాట్లాడి, తానే ఆడాలి. చినసత్యంగారి నృత్యనాటకాలలో పాట వేదిక పక్కనున్న గాయకులకు చేరింది, సంభాషణ తగ్గింది. దీనివల్ల వాచికం, అంటే నోటి మాటతో, పాటతో చేసే అభినయం, సన్నగిల్లిందని నొచ్చుకున్న పెద్దలున్నారు. ఆ మాట కొట్టిపారేయదగినది కాదు. అయితే గొంతు బరువు తగ్గిన నర్తకి నుంచి ఆయన నిండైన అరమండిని (మోకాళ్లు పక్కలకు వంచి, సగం కూర్చున్నట్టు నిలిచే భంగిమను), చెదరని అంగశుద్ధిని (అవయవాల కదలికలో స్పష్టతను) రాబట్టారు. భుజంగరాయశర్మగారి సాహిత్యం, పట్రాయని సంగీతరావుగారి సంగీతం ఆ కూర్పులకు అండగా నిలిచాయి. ఒకప్పుడు సత్యభామ వేషం సైతం మగవారే కట్టిన సంప్రదాయంలో, ఆయన బృందంలో దేవుళ్ల వేషాలు కూడా ఆడపిల్లలు కట్టడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ఆయన కూర్పు ఎంత కఠినమైనదో, ఆయన కూర్చిన హిందోళ రాగ తిల్లానా (చురుకైన లయతో సాగే నృత్యాంశం) సాధనలో తెలిసివచ్చింది. మా గురువుగారు వరుస చివర నిలబడి, మా తలలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో ఓరగా చూసేవారు. ఎవరైనా మోకాళ్లు సడలిస్తే ఆ ఒక్క తలే పైకి లేచి పట్టుబడేది. వెంటనే తాళం వేసే తట్టుకర్ర ఆగేది, అందరమూ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవలసి వచ్చేది. తప్పు చేసినవారిని ఆయన పేరుపెట్టి పిలిచేవారు కాదు, మిగిలినవారి చూపులే ఆ పని చేసేవి. చినసత్యంగారు 2012లో కన్నుమూయడానికి రెండేళ్ల ముందు, అదే తిల్లానాను హైదరాబాదులో 2,800 మందికి పైగా నర్తకులు ఒక్కసారిగా ఆడారు. అంతమంది మోకాళ్లను ఓరగా చూసినవారెవరో మరి!