కలివి పొద దగ్గర తగవు

“ఇది కలివికోడి ఇల్లు. నేను కోయను” అని చేతులు వెనక్కి కట్టుకుంది మా అమ్మాయి. ఎదురుగా మా నాన్నగారి చేను గట్టున కలివి పండ్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వేసవి సెలవులకు కడపకు తీసుకొచ్చిందే వీటి కోసం.

కలివికోడి కథ దానికి చెప్పింది నేనే. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో మన కడప జిల్లా పొదల్లోనే మళ్లీ కనబడిందని, కలివి పొదల మీదుగానే దానికా పేరు వచ్చిందని నిద్రపుచ్చుతూ చెప్పేదాన్ని. మా ఊరంటే మురిసిపోవాలని చెప్పాను. తీరా నా గంపకే అడ్డొచ్చింది. “అది పండ్లు తినదే, చెదలూ పురుగులూ తింటుంది. ఇది ఆ పక్షిని కాపాడే లంకమల అభయారణ్యం కూడా కాదు, మీ తాత చేను” అని వాదించాను. “పండ్లు తినే పిట్టలు వేరే ఉంటాయి కదమ్మా?” మా అమ్మకు ఈ తగవే అంతుబట్టలేదు. “పై కొమ్మలు పిట్టలకు, కింది కొమ్మలు మనకు” అంటూ కోసుకుపోతోంది.

నా న్యాయం మాత్రం ఊరికో రకం. ఇంగ్లండ్‌లో మా ఇంటి వెనక కాలిబాట పొడవునా బ్లాక్‌బెర్రీలు కాస్తాయి. అమ్ముకోవడానికి కాకపోతే అలా దానంతట అది కాసిన పండు కోసుకోవడం దొంగతనం కాదని అక్కడి 1968 నాటి చట్టమే చెబుతుంది. నేను మాత్రం “కుక్కలు తిరిగే చోటు, ముట్టుకోకు” అంటాను. ఇక్కడ గట్టంతా మేకలే, అది నాకు పట్టదు. జూన్‌లో దాని స్నేహితురాలి తల్లి ఎల్డర్ అనే చెట్టు పూలను చక్కెర పాకంలో నిమ్మకాయలతో నానబెట్టి షర్బత్ చేసి పంపితే, ఆ చెట్టు ఆకులూ కాడలూ విషమని చదివి సీసా దాచేశాను. కాడలు తుంచేసి పూలే వేస్తారని నాకు పాఠం చెప్పింది పిల్లే. నన్నారి వేరుతో చేసే షర్బత్ సీసాను మాత్రం చీరల్లో చుట్టి ఏటా మోసుకెళతాను. ఆ వేరు తవ్వితే మొక్క గతేమిటని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

మా అమ్మ ఆ సాయంత్రం జెల్లీ వండింది. పండ్లలో దోరకాయలు కొన్ని కలపాలి. వాటిలో జెల్లీని గట్టిపరిచే పెక్టిన్ ఎక్కువ, బజారు పొడి అక్కర్లేకుండానే గడ్డకడుతుంది. దోరకాయ తుంచితే పాలు కారి వేళ్లు జిగురవుతాయి, ఆ పని నాకు పడింది. ఉడికిన గుజ్జును బట్టలో వడగట్టి, చక్కెర వేసి, గరిట నుంచి చుక్కలు తెగకుండా జారేదాకా పొయ్యి మీదే ఉంచింది. రంగు చూసి పిల్ల వంటింట్లోకి వచ్చింది. చపాతీకి రాసుకుని తిని, ఇంకోటి అడిగింది. “మరి పిట్టలు?” అన్నాను, ఆగలేక. “కోసింది మీరు కదా” అంది.

సెలవులకు ఊరు తీసుకెళ్లి పిల్లలతో పండ్లు కోయించండి, మమకారం దానంతటదే పుడుతుంది అని తోటి తల్లులకు చెబుతుంటాను. ఇకమీదట చెప్పగలనో లేదో. దీనికి మమకారం పుట్టినట్టే ఉంది, కానీ నాకు ఎదురు తిరిగింది. అసలు నాకు కావలసింది అదేనా, నా చిన్నతనానికి ఒక తోడా? పైగా ఇంకో అనుమానం పీడిస్తోంది. కలివి కొమ్మల నిండా ముళ్లు. ఇది పిట్టల కోసం ఆగిందో, ముళ్లకు జడిసి ఆగిందో. అడిగితే నిజం చెప్పదు, అందులో నా పోలికే.